పెరట్లో ఒకటి రెండు పండ్ల చెట్లకే చోటుంటే ఏవి నాటాలి?

పండ్ల మొక్క వేద్దామనుకున్నవాళ్లలో ఎక్కువమంది ముందు పండు పేరు తేల్చుకుని, ఆ తర్వాత దానికి చోటు వెతుకుతారు. ఈ వరుసను తిరగేస్తే చాలా తలనొప్పులు తప్పుతాయి. ముందు చోటు చూడండి. అక్కడ నేరుగా ఎండ ఎన్ని గంటలు పడుతుంది, గోడలకూ కరెంటు తీగలకూ తగలకుండా ఎంత జాగా ఉంది, వాన పడిన మర్నాటికి నీళ్లు ఇంకిపోతాయా నిలిచిపోతాయా అన్న మూడూ తేలితే సగం పండ్లు వాటంతటవే పక్కకు పోతాయి. మిగిలిన నాలుగైదింట్లోంచి మీకిష్టమైంది ఎంచుకోవడం పెద్ద పనేం కాదు.

ఎండ దగ్గర మాత్రం రాజీ కుదరదు. రోజుకు కనీసం 6 గంటలు ఎండ పడని చోట మామిడి, జామ, నిమ్మ, దానిమ్మ ఏవీ సరిగ్గా కాయవు. మొక్క చావదు. ఏపుగానే పెరుగుతుంది, ఆకులు నవనవలాడుతుంటాయి, పూత మాత్రం రాదు. ఎరువు చాలలేదేమో అనుకుని ఇంకో తట్ట వేస్తే ఇంకాస్త ఆకు పెడుతుంది, అంతే. నీడ పడే మూలలో కరివేపాకో పూల మొక్కో వేసుకుని ఆ ముచ్చట అంతటితో వదిలేయడం మేలు.

నీళ్ల సంగతి తెలుసుకోవడం తేలిక. అడుగున్నర లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి మర్నాడు కూడా మిగిలి ఉంటే అది బొప్పాయికి, నిమ్మకు, దానిమ్మకు పనికొచ్చే నేల కాదు. బొప్పాయి మొదట్లో ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, వేరు కుళ్లి చెట్టు కూలబడుతుంది. జామ, నేరేడు కొంత ఓర్చుకుంటాయి. తప్పదనుకుంటే అడుగు, అడుగున్నర ఎత్తున మట్టి పోసి ఆ దిబ్బ మీద నాటుకోవచ్చు.

గింజ మొక్కా, గాలి అంటా, అంటు మొక్కా?

నర్సరీలో రకం పేరు అడిగే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. ఒకే రకం జామ అయినా, ఎలా పుట్టిన మొక్క అన్నదాన్నిబట్టి ఎన్నేళ్లకు కాస్తుంది, ఎంత ఎత్తుకు పోతుంది, గాలికి నిలుస్తుందా అన్నవి మారిపోతాయి.

మామిడి తిని టెంక పాతితే మొక్క వస్తుంది. కానీ మన రకాల్లో చాలావాటికి ఆ మొక్క కాసే పండు తల్లి చెట్టు పండులా ఉండదు. పూతలో ఏ చెట్టు పుప్పొడి వచ్చి కలిసిందో దాని పోలికా అందులో ఉంటుంది. పైగా కాపుకు రావడానికి 6 నుంచి 10 ఏళ్లు పడుతుంది. అంటు మొక్క, అంటే ఒక మొక్క వేరు మీద ఇంకో చెట్టు కొమ్మ అతికించినది, 3, 4 ఏళ్లలో కాస్తుంది. కారణం ఏమిటంటే, అంటు కట్టిన కొమ్మ అప్పటికే కాపుకొచ్చిన చెట్టు నుంచి కోసింది. వేరు చిన్నదైనా కొమ్మ వయసు మాత్రం తల్లి చెట్టుదే. అందుకే జానెడు అంటు మొక్క కూడా నర్సరీ సంచిలోనే పూత పూస్తుంది.

అలాగని గింజ మొక్కను పూర్తిగా కొట్టిపారేయకండి. నిమ్మ ఉంది చూశారూ, దాని లెక్క వేరు. పుల్ల నిమ్మ గింజ ఒకటి నాటితే ఒక్కోసారి రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో పనిలేకుండా తల్లి కణజాలం నుంచే పుట్టినవి కాబట్టి అచ్చం తల్లి లక్షణాలతోనే పెరుగుతాయి. మిగతావాటికంటే పీలగా, భిన్నంగా ఉన్న మొలకను పీకేసి, బలంగా ఒకే తీరుగా ఉన్నవాటిలో ఒకటి ఉంచుకుంటే సరి. గింజ పండులోంచి తీసిన వెంటనే నాటాలి, ఎండబెడితే మొలకెత్తే శక్తి పోతుంది. సీతాఫలం కూడా గింజ మొక్కే 3, 4 ఏళ్లకు కాసేస్తుంది. బొప్పాయి ఎలాగూ గింజే.

గాలి అంటు అంటే కొమ్మ బెరడు ఉంగరంలా తీసేసి, తడి నాచు కట్టి, చెట్టు మీదే వేళ్లు పుట్టించి కోసిన మొక్క. జామ, దానిమ్మ ఎక్కువగా ఇలాగే దొరుకుతాయి. త్వరగా కాపుకొస్తుంది. వేరు దగ్గర నుంచి ఏ చిగురొచ్చినా అది అదే రకం కావడం ఇంకో సుఖం. లోపమల్లా తల్లి వేరు లేకపోవడం. పీచు వేళ్లే కాబట్టి ఈదురుగాలికి వాలిపోతుంది. గాలి బాగా వీచే చోటైతే రెండేళ్లపాటు గట్టి ఊతకర్ర తప్పనిసరి. కుండీలో పెంచేవాళ్లకు మాత్రం ఇదే మంచిది, కుండీలో తల్లి వేరు ఉన్నా దిగడానికి లోతు ఉండదు.

అంటు మొక్క కొనేటప్పుడు సంచిని చేతిలోకి తీసుకుని మొదలు దగ్గర చూడండి. మట్టికి జానెడు పైన వాలుగా ఒక మచ్చ, కొంచెం ఉబ్బు కనిపించాలి. ఆ ఉబ్బు కింద కాండం, పైన కాండం దాదాపు ఒకే లావులో ఉంటే అతుకు బాగా కుదిరినట్టు. పైభాగం బాగా లావై కింద సన్నగా ఉన్నా, అతుకు దగ్గర పగులు కనిపించినా వదిలేయండి. అతుకు పైన కనీసం రెండు విడతల ఆకు వచ్చి ముదిరి ఉండాలి. ప్లాస్టిక్ పట్టీ ఇంకా చుట్టి ఉంటే ఇంటికెళ్లాక తీసేయాలి. అది అలాగే వదిలేస్తే కాండం లావయ్యేకొద్దీ లోపలికి కోసుకుపోయి, రెండో ఏట గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది.

ఇక కాయలతో కళకళలాడే పెద్ద మొక్కా, మోకాలెత్తు చిన్న మొక్కా అంటే నా ఓటు చిన్నదానికే. చిన్న సంచిలో ఏళ్ల తరబడి ఉన్న పెద్ద మొక్కకు వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి. నేలలో పెట్టాక కూడా ఆ చుట్ట వీడదు. ఏడాది వయసున్న చిన్న మొక్క నేల పట్టుకున్నాక దీన్ని దాటిపోతుంది.

మామిడి కావాలా, జామ కావాలా?

ఒక్క చెట్టుకే చోటున్నవాళ్లు చివరికి ఎక్కువగా ఈ రెండింటి మధ్యే ఊగుతారు. ఒక్కదానికే చోటుంటే జామ వేయమంటాను. మామిడి మీద కోపం లేదు, లెక్క చూస్తే అలా తేలుతుంది.

మామిడి తోటల్లో పాత పద్ధతిలో చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్ల ఎడం వదులుతారు. ఇంట్లో ఏటా కత్తిరిస్తూ 15 అడుగుల జాగాలో నెట్టుకురావచ్చు. కానీ ఆ కత్తిరింపుకు సమయం ఉంటుంది. మామిడి పూత ముదిరిన కొమ్మల కొసన వస్తుంది. కాయ కోసిన వెంటనే కత్తిరిస్తే కొత్త చిగురు వచ్చి, పూత వేళకు ముదురుతుంది. తీరిక దొరికినప్పుడు చేద్దాంలే అని పూతకు నెల ముందు కత్తెర పడితే ఆ ఏటి కాపును చేతులారా నరుక్కున్నట్టే. జామకు ఈ బెంగ లేదు. కొత్తగా వచ్చిన లేత రెమ్మల ఆకుల మొదట్లోనే మొగ్గ వేస్తుంది కాబట్టి కొసలు తుంచినకొద్దీ కాపు పెరుగుతుంది. చెట్టును మనిషి చేతికందే ఎత్తులోనే ఉంచుకోవచ్చు.

కాపు తీరు కూడా చూసుకోండి. మామిడి ఏడాదంతా ఎదురుచూపించి కొద్ది వారాల్లో మొత్తం ఒక్కసారే ఇచ్చేస్తుంది. దశేరి, లంగ్రా లాంటి రకాలు ఒక ఏడు విరగకాసి మరుసటేడు మొండికేస్తాయి. జామ రెండు విడతలుగా, కొన్నిచోట్ల మూడు విడతలుగా కాస్తుంది. రెండో మూడో ఏటికే పండు చేతికొస్తుంది.

మరి జామకు లోపం లేదా అంటే ఉంది, పేరు పండు ఈగ. వానల్లో పండే కాయను కోస్తే లోపల తెల్లని పురుగులు కనిపిస్తాయి. ఈగ కాయ మీద గుచ్చి గుడ్లు పెట్టాక ఏ మందు కొట్టినా లాభం లేదు. కాయ నిమ్మకాయంత ఉండగానే కాగితపు సంచో పలుచని గుడ్డ సంచో తొడిగి మూతి కట్టాలి. రాలిన పండ్లను చెట్టు కింద కుళ్లనివ్వకుండా ఏరి లోతుగా పూడ్చాలి. ఇంకో దారి, వానాకాలపు కాపునే వదులుకోవడం. ఎండాకాలంలో వచ్చే పూతను రాల్చేస్తే చెట్టు ఆ బలమంతా చలికాలపు కాపుకు పెడుతుంది. ఆ కాయకు పురుగు తక్కువ, తీపి ఎక్కువ. కళ్లెదుట పూసిన పూత దులపడానికి మొదటిసారి మనసొప్పదు, తర్వాత అలవాటవుతుంది.

మామిడే కావాలి, ఇంకేదీ వద్దు అంటారా, అయితే పొట్టిగా పెరిగి ఏటా కాసే రకం చూడండి. దశేరి, నీలం సంకరంతో తయారైన ఆమ్రపాలి అలాంటిదే. రెండున్నర మీటర్ల ఎడంతో కూడా నాటే రకం అది. కాయ పెద్దది కాదు, రుచికి వంక పెట్టలేం.

తీరిక లేనివాళ్లకు సపోటా

మందులు కొట్టడం, సంచులు కట్టడం, కత్తిరింపులు ఇవేవీ మా వల్ల కాదనేవాళ్లు సపోటా వైపు చూడాలి. నిదానంగా పెరుగుతుంది, ఏడాది పొడవునా ఆకుతో ఉంటుంది, చీడపీడలు తక్కువ, కత్తిరింపు అక్కర్లేదనే చెప్పాలి. సపోటాకు దగ్గరి బంధువైన పాల (కిర్నీ) మొక్క మీద కట్టిన అంటునే అడిగి తీసుకోండి. దాని మీద చెట్టు గట్టిగా నిలుస్తుంది, చాలాకాలం కాస్తుంది. క్రికెట్ బాల్ రకం కాయ పెద్దదే గానీ ఒంటరిగా ఉంటే కాపు పలుచన, దగ్గర్లో ఇంకో రకం ఉంటే పిందె నిలుస్తుంది. ఒక్క చెట్టే అయితే కాలిపత్తి లాంటిది నయం.

సపోటాతో చిక్కు కోత దగ్గర. ముదిరిందీ లేనిదీ రంగు చూసి తెలియదు. పైనున్న పొట్టు పొడి రాలిపోయి కాయ నున్నబడ్డాక గోటితో చిన్నగా గీరి చూడండి. లోపల పచ్చగా కనిపించి పాలు కారితే ఇంకా ఆగాలి, పసుపు ఛాయ కనిపిస్తే కోయొచ్చు. ఆలస్యమైతే గబ్బిలాలు మీకంటే ముందే కోసుకుంటాయి.

నిమ్మా, దానిమ్మా?

రెండూ చిన్న జాగాకు, పెద్ద కుండీకి సరిపోయేవే. గాలిలో తేమను బట్టి ఎంచుకుంటే పొరపాటు జరగదు. దానిమ్మకు పొడి వాతావరణం ఇష్టం. తేమ ఎక్కువైతే కాయల మీద మచ్చలు, తెగుళ్లు తప్పవు. దాని కాయ పగలడానికి పెద్ద కారణం నీళ్ల ఎచ్చుతగ్గులు. పది రోజులు మరిచిపోయి పదకొండో రోజు గుర్తొచ్చి నిండా పోస్తే, లోపలి గింజలు ఒక్కసారిగా ఉబ్బి, ఎండి బిగుసుకున్న తోలు చిట్లిపోతుంది. రోజూ కొంచెం పోయగలిగినవాళ్లకే దానిమ్మ.

నిమ్మ అంత సుకుమారం కాదు. ముళ్లుంటాయి కాబట్టి నడిచే దారి పక్కన వద్దు. వానల్లో ఆకుల మీద, కాయల మీద గజ్జి తెగులు మచ్చలు వస్తాయి. చిన్న మొక్కకు అసలు శత్రువు మాత్రం సీతాకోకచిలుక పురుగు. లేత ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టు నలుపు తెలుపుల్లో కదలకుండా ఉంటుంది, తేరిపార చూస్తే తప్ప పురుగని తెలియదు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము చాచి ఘాటైన వాసన వదులుతుంది. రెండు మూడు పురుగులు చాలు, వారంలో చిన్న మొక్కను మోడు చేస్తాయి. ఏరి పారేయడమే మందు. చెట్టు ఎదిగాక నాలుగు ఆకులు తిన్నా దానికి లెక్క కాదు, సీతాకోకచిలుకలకు వదిలేయవచ్చు.

త్వరగా కాసేవి, అసలే వద్దనేవి

నాటిన చోట పండు కనిపించాలని తొందరపడేవాళ్లకు బొప్పాయి 8 నుంచి 10 నెలల్లో పండునిస్తుంది, అరటి ఏడాది చుట్టుపక్కల గెల వేస్తుంది. వీటిని సొంతంగా ఒక ఎంపికలా కాక, మామిడి, సపోటా ఎదిగేలోగా ఖాళీ నింపే చెట్లుగా చూస్తేనే బాగుంటుంది. బొప్పాయి 3, 4 ఏళ్లకు మించి లాభసాటిగా కాయదు. గుంతకు మూడు మొక్కలు పెట్టి, పూత వచ్చాక పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడే పూలున్న మగ చెట్టును తీసేయండి. కాండానికి అంటుకుని పెద్ద పువ్వు వేసినదే కాస్తుంది. అరటికి నీళ్లు ఎక్కువ కావాలి, గాలి తగలకూడదు. కత్తిలా సన్నని ఆకులున్న సూది పిలకనే నాటాలి, వెడల్పాకుల పిలక చూడ్డానికి బాగుంటుంది గానీ దుంపలో బలం ఉండదు. తల్లి చెట్టు పక్కన ఒక్క పిలకనే ఉంచి మిగతావి నరికేయండి.

పనస, నేరేడు ఇంటిగోడకు 20 అడుగుల లోపు వద్దు. నేరేడు పండు రాలిన చోట గచ్చు మీద ఊదారంగు మరక అలాగే ఉండిపోతుంది. ఉసిరి ఒక్కటే వేస్తే పూత పూసి ఊరుకుంటుంది, రెండు వేర్వేరు రకాలు పక్కపక్కన ఉంటే గానీ కాయ నిలవదు. రెండింటికి చోటు లేకపోతే ఆశ వదులుకోండి. వేడి ప్రాంతంలో యాపిల్ గురించి అడుగుతుంటారు. యాపిల్ మొగ్గ విడవాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగలాలి. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలున్నాయి గానీ, అసలు చలే లేని చోట అవి వింత మొక్కలుగా మిగులుతాయి తప్ప ఇంటిల్లిపాదికీ పండ్లు పెట్టవు.

నేలలోనా, కుండీలోనా?

మూడడుగుల వెడల్పు నేల దొరికినా నేలలోనే నాటండి. కుండీ మొక్క మీ చేతి నీళ్ల మీదే బతుకుతుంది. ఎండాకాలంలో రోజూ పోయాలి, నాలుగు రోజులు ఊరెళ్తే ఎవరికో ఒకరికి అప్పగించాలి. రెండు మూడేళ్లకోసారి మొక్కను పైకి తీసి, చుట్టుకున్న వేళ్లను కొంత కత్తిరించి, మట్టి మార్చాలి. డాబా మీదైతే బరువు కూడా ఆలోచించాలి. 100 లీటర్ల డ్రమ్ము నిండా మామూలు మట్టి పోసి తడిపితే 150 కిలోలకు తగ్గదు. స్లాబు నడిమధ్యలో కాకుండా కింద దూలం, స్తంభం ఉన్న చోటే పెట్టాలి. వీటన్నిటికీ సిద్ధమైతే నిమ్మ, దానిమ్మ, అంజీర, గాలి అంటు జామ కుండీలో చక్కగా కాస్తాయి. సపోటా, మామిడి బతుకుతాయి, నాలుగు కాయలు కాస్తాయి, అంతకుమించి ఆశించకండి.

నాటాక మొదటి మూడేళ్లు

మామిడి, సపోటాలకు మీటరు పొడవు, వెడల్పు, లోతు గుంత, మిగతావాటికి రెండడుగుల గుంత చాలు. పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోసి, పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి అదే ముందు నింపాలి. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచినట్టే. అతుకు మట్టికి జానెడు పైనే ఉండాలి. అది పూడిపోతే తేమకు కుళ్లుతుంది, లేదా పైకొమ్మే వేళ్లు వేసుకుని అంటు కట్టిన ఫలితం పోతుంది. అతుకు కింద నుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు గిల్లేయండి. అది వేరు కోసం వాడిన మొక్క చిగురు, చూస్తూ ఉంటే అసలు రకాన్ని అణగదొక్కి పైకి లేస్తుంది.

మొదటి రెండేళ్లు పూత వస్తే తుంచేయమని చెబితే ఎవరూ వినరు. కానీ వేరు నిలదొక్కుకోని మొక్కకు కాయ భారమే, ఆ ఏడాది ఎదుగుదల ఆగిపోతుంది. నీళ్లు కూడా చాలామంది కాండం మొదట్లో పోస్తారు. నీరు పీల్చే సన్న వేళ్లు ఎక్కువగా కొమ్మల కొసల కింద, ఆ చుట్టుపక్కల ఉంటాయి. చెట్టు పెరిగేకొద్దీ పాదును అంత దూరం జరుపుతూ, ఎరువు కూడా ఆ అంచునే వేయాలి. మధ్యలో ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది, కాండానికి మాత్రం తగలనివ్వకండి. ఎదిగిన మామిడికి పూతకు ముందు రెండు మూడు నెలలు నీళ్లు ఆపేయాలి, లేకపోతే పూతకు బదులు చిగురు వేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు చాలా పిందెలు రాలతాయి. మోయగలిగినన్నే ఉంచుకుని మిగతావి రాల్చేయడం చెట్టు నైజం, దానికి మందు వెతకక్కర్లేదు.

ఇప్పటికే పెరట్లో పుల్లటి కాయలు కాసే గింజ మామిడి ఉంటే, కొట్టేసి కొత్తది నాటాలా అన్నది ఇంకో ప్రశ్న. చెట్టు ఆరోగ్యంగా ఉంటే కొట్టొద్దు. చెట్టుకు ఆహారం అందడానికి ఆకులున్న ఒక కొమ్మను వదిలి, పెద్ద కొమ్మలను కోసేసి, కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం లీటరు నీళ్లకు, ప్లాస్టిక్ బకెట్లో విడివిడిగా కరిగించి కలపాలి, ఇనుప పాత్ర వాడకూడదు. కొన్ని నెలలకు పెన్సిల్ లావు కొత్త చిగుళ్లు వస్తాయి. వాటిలో బలమైన నాలుగైదు ఉంచి, నచ్చిన రకం కొమ్మలతో పైఅంటు కట్టించండి. అంటు కట్టే పనివాడికి అది ఒక పూట పని. పాత వేరు లోతుగా దిగి ఉంటుంది కాబట్టి మూడేళ్లలోపే కొత్త రకం పండు తినొచ్చు, కొత్త మొక్కకు పట్టే గుంత, ఊతకర్ర, రోజూ నీళ్లు ఏవీ అక్కర్లేదు.